జుల్ముకు మతం ఉంటుందా?

విశ్వాసులు న్యాయం కోసం గట్టిగా నిలబడాలనీ, అల్లాహ్ కోసం సాక్ష్యమిచ్చేవారు కావాలనీ, ఆ సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా, కన్న తల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ వ్యతిరేకమైనా వెనుకాడరాదనీ దివ్యఖుర్‌ఆన్ ఆదేశిస్తోంది (అన్నిసా : 135). ఈ ఆయతును మనం ఎన్నోసార్లు విన్నాం. అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకం వచ్చినప్పుడో, నికాహ్ తర్వాత రెండు కుటుంబాల మధ్య తగవు వచ్చినప్పుడో పెద్దలు దీన్ని గుర్తుచేస్తుంటారు. అయితే చరిత్ర చదివేటప్పుడు కూడా ఈ ఆయతు మన మీద వర్తిస్తుందా? చనిపోయిన రాజుల విషయంలోనూ మనం సాక్షులమేనా?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో దర్స్‌ల కోసం తిరిగేటప్పుడు ఈ ప్రశ్న మాకు వేరే రూపంలో ఎదురవుతుంటుంది. పిల్లలు బడిలో కొమురం భీం పాఠం చదువుకొని ఇంటికొస్తారు. "అబ్బా, ఆయన్ని చంపించింది మనవాళ్ళేనా?" అని అడుగుతారు. తండ్రి దగ్గర జవాబు ఉండదు. కొందరు మాట మారుస్తారు. కొందరు నిజాం కాలంలో కట్టిన ఆసుపత్రులూ చెరువులూ లెక్కపెట్టి వినిపిస్తారు. మరికొందరు పాఠాలు రాసినవాళ్ళనే తప్పుపడతారు. ఆ పిల్లవాడి ప్రశ్న చిన్నదేమీ కాదు. దానికి సరైన జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళి, ఈ దేశంలో పరాయి పాలన మీద తిరగబడినవారిని కదిలించిన ఆలోచన ఏమిటో, అది ఎక్కడ పుట్టి మన గోదావరి ఒడ్డు దాకా ఎలా వచ్చిందో చూడాలి.

ఢిల్లీలో హజ్రత్ షా వలీయుల్లాహ్ (రహ్మలై) 1703లో జన్మించి 1762లో పరమపదించారు. మొగల్ సామ్రాజ్యం కళ్ళముందే కూలిపోతున్న రోజులవి. 1739లో నాదిర్‌షా ఢిల్లీని దోచుకున్నప్పుడు ఆయన వయసు ముప్పై ఆరు. అందరూ ఓటమికి కారణం సైన్యంలో వెతుకుతుంటే, ఆయన రైతు ఇంట్లో వెతికారు. 'హుజ్జతుల్లాహిల్ బాలిగా' అనే తన గ్రంథంలో, నగరాలు పాడుబడటానికి తమ కాలంలో రెండు కారణాలున్నాయని రాశారు. మొదటిది, ఏ పనీ చేయకుండా ఖజానా మీద పడి తినేవారు పెరగటం. రెండవది, సేద్యం చేసేవారి మీద, వర్తకుల మీద, చేతివృత్తులవారి మీద మోయలేని పన్నులు వేయటం. రోమ్, పారశీక రాజుల వైభోగం గురించి రాస్తూ, ఆ వైభోగానికి ధర చెల్లించింది రైతులేననీ, వారిని గాడిదల్లా ఎద్దుల్లా వాడుకున్నారనీ వివరించారు. చదివేవారికి ఆయన చూపు కిస్రా, ఖైసర్‌ల మీదే కాక ఎర్రకోట మీద కూడా ఉందని తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. రోగాన్ని అంత బాగా గుర్తించిన ఆ మహనీయుడు చికిత్స కోసం అహ్మద్ షా అబ్దాలీ ఖడ్గం వైపు చూశారు. అబ్దాలీ వచ్చాడు, గెలిచాడు, ఢిల్లీకి మాత్రం ఊరట దొరకలేదు. మా అభిప్రాయంలో ఆయన సూచించిన చికిత్స ఆయన కాలంతోనే ముగిసింది. ఆయన చెప్పిన రోగ నిర్ధారణ మాత్రం బతికింది. రాజ్యం నిలిచేదీ కూలేదీ న్యాయం మీదనే, పాలకుడి పేరు మీద కాదన్న మాట మన పండితులకు కొత్తది కాదు. కుఫ్ర్‌తో రాజ్యం నిలబడవచ్చుగానీ జుల్ముతో నిలబడదని నిజాముల్ ముల్క్ తూసీ కాలం నాటికే ప్రచారంలో ఉంది. ఇబ్నె తైమియా (రహ్మలై) ఆ అర్థంలోనే రాశారు. ఇబ్నె ఖల్దూన్ అయితే జుల్ము నాగరికతను ఎలా నాశనం చేస్తుందో చెప్పటానికి ఒక అధ్యాయమే కేటాయించారు. షా సాహెబ్ ఆ మాటను పుస్తకంలో నుంచి తీసి పొలం గట్టు మీద నిలబెట్టారు.

1803లో ఆంగ్లేయులు ఢిల్లీని పట్టుకున్నారు. మొగల్ చక్రవర్తి తన కోటలోనే వారి పింఛనుదారుడయ్యాడు. జుమా నమాజులు జరుగుతున్నాయి, అజాన్ వినిపిస్తోంది, పండుగలు ఆగలేదు. మరి పోయిందేమిటని చాలామంది అనుకున్నారు. షా వలీయుల్లాహ్ కుమారుడు షా అబ్దుల్ అజీజ్ (రహ్మలై) తన ప్రసిద్ధ ఫత్వాలో దానికి సమాధానమిచ్చారు. ప్రజల పాలన, శిస్తు వసూలు, దొంగలకు శిక్ష, తగవుల తీర్పు అన్నీ క్రైస్తవ అధికారుల ఇష్టప్రకారమే నడుస్తున్నాయి కనుక ఇది దారుల్ హర్బ్ అయిందన్నారు. వారు జుమా, ఈద్, అజాన్ వంటి వాటిలో జోక్యం చేసుకోకపోవటం లెక్కలోకి రాదనీ, అది వారి దయ మీద ఆధారపడిన విషయమే తప్ప మన హక్కు కాదనీ తేల్చారు. ఆ ఫత్వాలో యుద్ధానికి నేరుగా పిలుపు లేదు. అది ఫిఖహ్ పరిభాషలో రాసిన తీర్పు, దాని అర్థం గురించి పండితుల్లో నేటికీ చర్చ ఉంది. అయినా అందులో ఒక గొప్ప ఆలోచన ఉంది. ఒకరి దయతో దొరికిన స్వేచ్ఛ స్వేచ్ఛ కాదు. యజమాని కొట్టకపోయినంత మాత్రాన బానిస స్వతంత్రుడైపోడు కదా!

ఈ ఆలోచన దక్కన్‌కు ఎలా వచ్చింది? షా అబ్దుల్ అజీజ్ శిష్యుడు సయ్యిద్ అహ్మద్ షహీద్ రాయ్‌బరేలీ అనుచరుల ద్వారా వచ్చింది. ఆయన 1831లో బాలాకోట్ దగ్గర వీరమరణం పొందారు. ఆయన అనుచరుల్లో ముఖ్యుడైన మౌల్వీ విలాయత్ అలీ హైదరాబాద్ వచ్చి బోధించారు. ఆ బోధన నిజాం ఇంట్లోనే ఒకరి మనసులో నాటుకుంది. ఆయనే నాలుగో నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలా. 1839లో ఆంగ్లేయ రెసిడెంటు ఒత్తిడితో ఆయన్ని పట్టుకొని గోల్కొండ కోటలో బంధించారు. పదిహేనేళ్ళ తర్వాత, 1854లో, ఆ కోటలోనే ఆయన కన్నుమూశారు. అదే సందర్భంలో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీదా అనుమానం పడింది. ఆంగ్లేయులు ఆయన రాజ్యాన్ని లాక్కొని తిరుచిరాపల్లికి పంపేశారు. 1840లో ఆయన అక్కడే మరణించారు.

గమనించండి. ముబారిజుద్దౌలా సొంత అన్న నిజాం. ఆయన్ని బంధించింది నిజాం ప్రభుత్వమే. విదేశీ పాలనకు అండగా నిలిచిన ముస్లిం పాలకుడికి విధేయత చూపాలా అన్న ప్రశ్న ఇక్కడే, ఒకే ఇంట్లో ఎదురైంది.

1857 జులై 17న అదే ప్రశ్న వీధిలోకి వచ్చింది. అది శుక్రవారం. జుమా తర్వాత మక్కా మస్జిద్ నుంచి కదిలిన జనం మౌల్వీ అలాఉద్దీన్, తుర్రెబాజ్ ఖాన్‌ల నాయకత్వంలో కోఠీలోని రెసిడెన్సీ మీద దాడికి వెళ్ళారు. వారిలో రొహిల్లాలు ఎక్కువ. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా, దీవాన్ సాలార్‌జంగ్ మాత్రం ఆంగ్లేయుల వైపే ఉన్నారు. దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నా 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. మౌల్వీ అలాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపారు, ఆయన మళ్ళీ ఈ నేల చూడలేదు.

ఇక మన జిల్లాల సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో ఓడిన తర్వాత రొహిల్లాలు కొందరు నిర్మల్ అడవుల వైపు వచ్చారు. అక్కడ రాంజీ గోండు నాయకత్వంలో గోండులు ఆంగ్లేయుల మీదా, వారికి తోడైన నిజాం బలగాల మీదా పోరాడుతున్నారు. ఇద్దరూ కలిశారు. ఒకరు అఫ్ఘాన్ మూలాల నుంచి వచ్చిన ముస్లిం సిపాయిలు, మరొకరు పెర్సపేన్‌ను కొలిచే అడవి బిడ్డలు. వారికి భాష ఒకటి కాదు, ఆచారం ఒకటి కాదు. చివరకు 1860లో నిర్మల్ శివారులోని ఒక పెద్ద మర్రిచెట్టుకు రాంజీనీ ఆయన సహచరులనూ ఉరితీశారు. వెయ్యిమందిని ఉరి తీశారని జనం చెప్పుకోబట్టి దానికి 'వెయ్యి ఉరుల మర్రి' అనే పేరు నిలిచింది. ఆ చెట్టు ఇప్పుడు లేదు, పేరు ఉంది. అదే 1860లో ఆంగ్లేయులు నిజాంకు రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ ప్రాంతాలు తిరిగి ఇచ్చారు, సురపురం ఇచ్చారు, యాభై లక్షల అప్పు మాఫీ చేశారు. ఒక చోట ఉరితాళ్ళు, మరో చోట బహుమానాలు!

ఇక్కడ ఆలోచనాపరులైన పాఠకులు మమ్మల్ని నిలదీయవచ్చు. "ఆ రొహిల్లాలు హుజ్జతుల్లాహిల్ బాలిగా చదివారా? రాంజీ గోండుకు ఢిల్లీ ఫత్వా సంగతి తెలుసా? ఆకలి, భూమి, జీతం వంటి కారణాలు చాలవా? ఇందులో తత్వాన్ని ఎందుకు లాగుతున్నారు?" అని. న్యాయమైన ప్రశ్నే. రొహిల్లాలు ఔలియాలేమీ కారు. హైదరాబాద్ రాజ్యంలో వారిలో చాలామంది జీతానికి కత్తి పట్టేవారు. వడ్డీకి అప్పులిచ్చి బెదిరించి వసూలు చేసినవారూ ఉన్నారు. వడ్డీ హరామ్ అని తెలిసిన జాతి చేసిన పని అది. వారిని మేము అలంకరించి చూపదలచుకోలేదు.

అయినా మా మాట ఇది. ఆకలి మనిషిని లేపుతుంది. అయితే లేచినవాడు ఎవరి మీదికి వెళ్ళాలో, ఎవరి చేయి పట్టుకోవాలో ఆకలి చెప్పదు. ఆకలితో లేచినవాడు పక్క గుడిసెను కూడా దోచుకోవచ్చు. ఎవరు శత్రువు, ఎవరు తోడు అన్నది నిర్ణయించేది ఆలోచన. అది పుస్తకం చదివిన ఒకరి నుంచి ఖుత్బాకు, ఖుత్బా నుంచి బజారుకు, బజారు నుంచి సిపాయి గుడారానికి చేరుతుంది. అక్కడికి చేరేసరికి దానికి గ్రంథం పేరు ఉండదు. "ఫిరంగీకి కొమ్ము కాసే నవాబు మనవాడు కాదు" అన్న ఒక్క ముక్కగా మిగులుతుంది. ఆ ముక్క లేకపోతే రొహిల్లా నిజాం కొలువులోనే ఉండిపోయేవాడు. గోండుకూ తనదైన ఆలోచన ఉంది. అడవీ భూమీ పూర్వీకులవి, దేవుళ్ళవి, వాటి మీద కాగితం రాసిచ్చే అధికారం ఏ దొరకూ లేదన్నది అతని నమ్మకం. రెండు ఆలోచనలూ వేర్వేరు దారుల్లో వచ్చి నిర్మల్‌లో కలిశాయి. పీడితులైన పురుషులు, స్త్రీలు, పిల్లల కోసం ఎందుకు నిలబడరని ఖుర్‌ఆన్ అడుగుతుంది (అన్నిసా : 75). వారి తోడు మాకు ఆ ఆయతును గుర్తుచేస్తుంది.

తర్వాతి అరవై ఏళ్ళ సంగతి దాటి 1922కు వద్దాం. రాజద్రోహం నేరం కింద కలకత్తా న్యాయస్థానంలో నిలబడిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన వాంగ్మూలాన్ని ఉర్దూలో రాసి ఇచ్చారు. 'ఖౌలె ఫైసల్' పేరుతో అది ప్రసిద్ధి. ఉర్దూ చదవగలిగిన ప్రతి ముస్లిం ఇంట్లో ఆ చిన్న పుస్తకం ఉండాలని మా కోరిక. అందులోని వాదన సూటిగా ఉంటుంది. ప్రజల సమ్మతి లేని పాలననూ, జుల్మునూ ఇస్లాం అంగీకరించదు. చేసేవారు ముస్లింలే అయినా సరే, వారి ముఖం మీదే సత్యం చెప్పమని ఆదేశిస్తుంది. సొంత పాలకుల జుల్మునే ఒప్పుకోని ధర్మం పరాయి పాలకుల జుల్మును ఎలా ఒప్పుకుంటుంది? ఇదీ ఆయన తర్కం. ఆయనకు ఏడాది కఠిన కారాగార శిక్ష పడింది. ఆజాద్ వాదనలో ఆంగ్లేయుల సంగతి రెండో మెట్టు, ముస్లిం పాలకుడి సంగతి మొదటి మెట్టు. మనలో చాలామంది మొదటి మెట్టు ఎక్కకుండానే రెండో మెట్టు మీదికి దూకేశారు.

ఆ మొదటి మెట్టు మన ఆదిలాబాద్‌లోనే ఎదురైంది. అడవులను ప్రభుత్వం రిజర్వు చేయటంతో గోండులు, కొలాములు తరతరాలుగా దున్నుకుంటున్న భూములు నేరపు భూములయ్యాయి. పశువుల మేతకు పన్ను, వంటచెరకుకు పన్ను. బయటి నుంచి వచ్చినవారు పట్టాలు రాయించుకొని కొట్టుకున్న పొలాలను తమవన్నారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. సుర్దాపూర్‌లో భీం కుటుంబం సాగుచేసిన భూమిని తనదన్న పట్టాదారు పేరు సిద్దిఖ్. ఆ ఘర్షణలో అతడు భీం చేతిలో చనిపోయాడు. భీం అస్సాం వెళ్ళి తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చాడు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలను కూడగట్టాడు. మొర పెట్టుకున్నా వినేవారు లేకపోయారు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయనా, ఆయన సహచరులూ మరణించారు. అక్కడికి వెళ్ళిన అధికారి అబ్దుల్ సత్తార్.

సిద్దిఖ్, అబ్దుల్ సత్తార్, ఉస్మాన్ అలీ ఖాన్. మూడు పేర్లూ మనవే. పిల్లవాడి ప్రశ్న ఇక్కడిదే. దీనికి మేమిచ్చే జవాబు ఇది: "అవును బాబూ, వారి పేర్లు మన పేర్లే. కానీ మనం భీం వైపే." దైవప్రవక్త (సల్లం) దీనికి కొలమానం ఇచ్చే వెళ్ళారు. తన జాతిని ప్రేమించటం అసబియ్యత్ కిందికి వస్తుందా అని ఒకరు అడిగితే, ప్రేమించటం కాదు, తన జాతి జుల్ము చేస్తుంటే దానికి సాయపడటమే అసబియ్యత్ అని వివరించారు. మరో హదీసులో, జుల్ము చేసే సోదరుడికి సాయపడటమంటే అతని చేయి పట్టుకొని ఆపటమేనన్నారు. జోడేఘాట్‌లో ఆ చేయిని ఆపిన ముస్లిం ఎవరూ లేకపోవటం మన దురదృష్టం. కాల్పుల తర్వాత నిజాం ప్రభుత్వమే హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపి గోండుల బాధలు తెలుసుకుంది, మార్లవాయిలో బడి పెట్టింది, కొందరికి పట్టాలు ఇచ్చింది. ఆ మంచిని మంచే అందాం. కానీ భీం అడిగింది కూడా అదే కదా, ప్రాణం పోకముందు!

అలాగని జులుం చేసినవారంతా ఒక మతంవారే అనుకుంటే అదీ అబద్ధ సాక్ష్యమే అవుతుంది. జనగామ వైపు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీ ఒక పేద ముస్లిం రైతు. తన భూమి కోసం కోర్టుకెక్కిన నేరానికి ఆయన్ని చంపారు. దేశ్‌ముఖ్ హిందువు, అతనికి అండ నిజాం పాలన, చచ్చింది ముస్లిం. అప్పటి కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ ప్రాంతంలోని మహమ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న నేలకొరిగిన అనభేరి ప్రభాకర్‌రావు స్వయంగా దేశ్‌ముఖ్‌ల ఇంట పుట్టి దొరల పాలనకే ఎదురు తిరిగినవాడు. జుల్ము ఎవరింట్లో కూర్చుంటుందో, న్యాయం ఎవరింట్లో పుడుతుందో పేరును బట్టి చెప్పలేం.

1948లో పరీక్ష మరింత కఠినమైంది. రజాకార్ల దౌర్జన్యాలు పెరిగిన రోజులవి. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ వాటిని ఖండిస్తూ రాశాడు, హైదరాబాద్ భారత్‌లో కలవటమే మేలని రాశాడు. బెదిరింపులు వచ్చినా ఆపలేదు. ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాల్చి, రాసిన చేతిని నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. షోయబుల్లా ఆలిమ్ కాదు, ఫత్వా ఇవ్వలేదు. కానీ అన్నిసా 135కు ఆ ఏడాది హైదరాబాద్‌లో ఎవరైనా వ్యాఖ్యానం రాశారంటే అది ఆయనేనని మేమంటాం.

ఆ సెప్టెంబరులో సైన్యం వచ్చింది, నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత జరిగిందాన్ని కూడా చెప్పకపోతే మన సాక్ష్యం సగమే అవుతుంది. పలు జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లింలు ఊళ్ళకు ఊళ్ళు ఊచకోతకు గురయ్యారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఎక్కువ. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదన్న ఆదేశం (అల్ మాయిదా : 8) మనకు ఉన్నట్టే, పగ తీర్చుకోవటానికి వచ్చినవారికీ మనస్సాక్షి ఉండాల్సింది. కేంద్ర ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగారు. చనిపోయినవారి సంఖ్య ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటుందని వారు అంచనా వేశారు. ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఉర్దూ లోకానికి సుపరిచితుడు, హైదరాబాద్‌లో 'పయాం' పత్రిక నడిపినవాడు. ఆ ముగ్గురూ చూసింది చూసినట్టు రాశారు. అంతకుముందు రజాకార్లు హిందువులకు చేసిందీ దాచలేదు, తర్వాత ముస్లింలకు జరిగిందీ దాచలేదు. ముస్లిం కుటుంబాలను కాపాడిన హిందూ ఇరుగుపొరుగువారి గురించి కూడా రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులో లేదు. 2013 తర్వాతే అది చదవటానికి దొరికింది.